గుట్టల మీద పసుపు అట్ట

మా చిన్నప్పుడు ఫిలింనగర్‌లో రాళ్లు రెండు రకాలు: స్టూడియో గోడకు బయటివి, లోపలివి. బయటివి భీముడు ఆడుకుని వదిలేసినవని నాయనమ్మ చెప్పేది. లోపలివి మా నాన్నా, ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ఆయన తోటివాళ్లూ చేసేవాళ్లు. సర్వి కట్టెలతో చట్రం కట్టి, మీద కోళ్ల జాలీ బిగించి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనెపట్టా పరిచి, ఆరాక రంగు వేస్తే రాయి తయారు. ఇద్దరు కుర్రాళ్లు ఎత్తి పక్కన పెట్టెయ్యొచ్చు. కెమెరాలోంచి చూస్తే మాత్రం కొండచరియే. అందులో నాన్నకు ఇష్టమైన పని ఆఖరిది, చారలు వెయ్యడం. బండ మీద వాననీళ్లు ఏళ్ల తరబడి ఒకే దారిన జారి జారి నల్లటి చారలు పడతాయి కదా, అవి. అవి లేకపోతే రాయికి వయసు రాదనేవాడు. అందుకని పొద్దున్నే పనికి వెళ్లేముందు ఇంటి వెనక గుట్ట దగ్గర నిలబడి, చార ఎక్కడ మొదలైంది, ఏ పగులు దగ్గర పక్కకు తిరిగింది, ఎక్కడ పల్చబడింది అని చూసి చిన్న నోటుబుక్కులో పెన్సిలుతో గీసుకునేవాడు.

ఆ నోటుబుక్కు పక్కన ఎప్పుడూ పసుపు అంచు అట్టల పుస్తకాలు ఉండేవి. నేషనల్ జియోగ్రాఫిక్. మా ఇంట్లో దాన్ని 'జాగ్రఫిక్' అనేవాళ్లం. దానికి చందా కట్టడం ఉపయోగమా, దండగా అని పిల్లలున్న బంధువులు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. ఆ పత్రిక మా ఇంట్లో ఏం చేసిందో చెప్పడం తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు.

మేం ఎనభైల చివర్లో మద్రాసు నుంచి వచ్చాం. అప్పటికి తెలుగు సినిమా పరిశ్రమ ఒక్కో కుటుంబమే, ఒక్కో శాఖే హైదరాబాద్‌కు తరలుతోంది. నాగేశ్వరరావుగారు 1976లోనే అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. తర్వాత కృష్ణగారి పద్మాలయా, ఆ తర్వాత ఫిలింనగర్ గుట్ట మీద రామానాయుడుగారి స్టూడియో. హీరోలకు, నిర్మాతలకు జూబ్లీహిల్స్‌లో బంగళాలు లేచాయి. మాలాంటి వాళ్లం ఆ బంగళాలకూ బస్తీకీ మధ్య వాలులో అద్దె పోర్షన్లలో సర్దుకున్నాం. మద్రాసులో మా వీధి చివర సముద్రపు గాలి వచ్చేది. ఇక్కడ వీధి చివర బండలు. ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోతాయన్నట్టు నిలబడి ఉండేవి. వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, తొండలు, అప్పుడప్పుడు పాము కుబుసం. పైకెక్కి చూస్తే దక్షిణం వైపు గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు.

అన్నిటికన్నా ఎక్కువ వినపడేది సుత్తి చప్పుడు. వడ్డెర వాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాయి కొట్టేవాళ్లు. మధ్యాహ్నం పూట ఎర్రగుడ్డ ఊపి కేకలు వేస్తే పిల్లలందరం ఇళ్లలోకి పరిగెత్తాలి. కాసేపటికి ధన్‌మని పేలేది, కిటికీ రెక్కలు అదిరేవి. బయటికి వచ్చి చూస్తే నిన్నటిదాకా మేం జారుడుబల్ల ఆడిన బండ ఉండేది కాదు.

ఇక పత్రిక. మొదట్లో అది మాకు పోస్టులో రాలేదు, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నుంచి వచ్చింది. ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటే వాటి మెట్ల మీద, ముందున్న కాలిబాట మీద పాత పుస్తకాలు పరుస్తారు. పుస్తకాల పిచ్చి ఉన్న హైదరాబాదీలు ఆ సంత ఎరుగుదురు. నాన్న అక్కడికి పని మీద వెళ్లేవాడు. ఆర్ట్ డైరెక్టర్ 'ఎడారి సెట్టింగ్' అంటే ఎడారి చూసినవాళ్లు ఎవరున్నారు? కృష్ణగారు 1971లో మోసగాళ్లకు మోసగాడు కోసం యూనిట్‌ని రాజస్థాన్ ఎడారికి తీసుకెళ్లిన సంగతి పాతవాళ్లు కథలుగా చెప్పుకునేవాళ్లు. ప్రతి నిర్మాతా అంత దూరం వెళ్లలేడు. అప్పుడు ఎడారే ఫ్లోర్‌లోకి రావాలి. రావాలంటే ఇసుక తిన్నె ఏ వైపు నునుపుగా ఉంటుంది, ఏ వైపు కోసుకుపోయి ఉంటుంది తెలియాలి. ఆ రెఫరెన్స్ కోసం జాగ్రఫిక్. గుహలు, మంచుకొండలు, ఓడరేవులు, గుడారాలు, ఏది కావాలన్నా అందులో దొరికేది. అదీ మెడలో కెమెరాతో అక్కడికి వెళ్లి, వారాలు కాచుకుని తీసిన ఫోటోలో.

వాటిలో నాకు గుర్తున్న మొదటి సంచిక 1984 డిసెంబరుది. రుతుపవనాల మీద పెద్ద కథనం, ఫోటోలు స్టీవ్ మెక్‌కరీ తీసినవి. గుజరాత్‌లోని పోరుబందరులో వరద. ఒక ముసలి దర్జీ మెడలోతు నీళ్లలో నడుస్తున్నాడు. భుజం మీద కుట్టుమిషన్. తెల్లగడ్డం, మొహాన నవ్వు. ఆ పేజీని నేను ఎన్నిసార్లు చూశానో. అమ్మ జాకెట్లు కుట్టేది. ఒక సాయంత్రం నా భుజం మీదుగా వంగి చూసి, "మిషన్ నీళ్లలో మునిగితే ఇంక అంతేనే. ఆ చక్రం పక్కన చూడు, తుప్పు. షటిల్ ఎప్పుడో పట్టేసుంటుంది. అయినా వదల్లేదు చూడు" అంది. ఇంగ్లీషు అక్షరం రాని అమ్మ ఆ ఫోటోని చదివినట్టు నేను ఏ వ్యాసమూ చదవలేదు. నేను పెద్దయ్యాక మెక్‌కరీ చెప్పిన మిగతా కథ తెలిసింది. ఆ మిషన్ తయారుచేసిన కంపెనీవాళ్లు ఫోటో చూసి, దర్జీని వెతికించి, కొత్త మిషన్ ఇప్పించారట. అమ్మకు చెబితే, ముందు "ఏ మోడల్?" అని అడిగింది.

రెండోది 1982 ఫిబ్రవరి సంచిక. అట్ట మీద గిజా పిరమిడ్లు, ముందు ఒంటెలు. నాన్న ఆ అట్టని వర్క్‌షాప్‌కి పట్టుకెళ్లి, బ్యాక్‌డ్రాప్ గీసేవాళ్ల ముందు పెట్టాడు. అది చూసి ఒక కెమెరా అసిస్టెంట్ ఆ అట్ట వెనక సంగతి చెప్పాడు. అసలు ఫోటో అడ్డంగా తీసింది. నిలువు అట్టలో పట్టడం కోసం కంప్యూటర్ మీద ఒక పిరమిడ్‌ని పక్కదాని దగ్గరికి జరిపారు. అది బయటపడి పెద్ద గొడవైంది. నాన్న ఆ రాత్రి అన్నం తింటూ చాలాసేపు ఆ విషయమే మాట్లాడాడు. రోజూ కొండల్ని జరిపే మనిషి ఆయన. ఫ్రేమ్‌లో ఖాళీ కనిపిస్తే చెట్టుని తెచ్చి పెడతాడు, చంద్రుణ్ణి కిందికి దించుతాడు. ఆయనకు ఆ పిరమిడ్ జరపడం ఎందుకు అంత బాధ కలిగించిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. "మనం సినిమా అని చెప్పే చూపిస్తాం. టిక్కెట్టు కొన్నవాడికి తెలుసు. వీళ్లు ఉన్నది ఉన్నట్టు చూపిస్తామని మాటిచ్చారు కదా" అన్నాడు. ఆ తర్వాత ఏ ఫోటో చూసినా నేను ముందు వెలుగు ఎటునుంచి వస్తోంది, నీడ ఎటు పడింది అని వెతికేదాన్ని. స్టూడియోల మధ్య పెరిగిన పిల్లకు ఆ పత్రిక ఇచ్చిన మొదటి చదువు అది. ఈ కాలం పిల్లలకు అది ఇంకా ఎక్కువ కావాలి. ఇప్పుడు పిరమిడ్లను జరపడానికి పత్రికాఫీసు కూడా అక్కర్లేదు.

చందా మొదలైంది మావయ్య వల్ల. అమ్మ తమ్ముడు చికాగోలో డాక్టరు. ఆయన ఒక ఏడాది మాకు బహుమతిగా చందా కట్టాడు. అప్పట్లో దాన్ని చందా అనేవాళ్లు కూడా కాదు, వాషింగ్టన్‌లోని నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీలో సభ్యత్వం అనేవాళ్లు. 1888లో పుట్టిన సొసైటీ అది. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ దానికి రెండో అధ్యక్షుడు. నాన్న పేరు మీద వచ్చిన కాగితంలో 'సభ్యుడు' అని ఉండటం చూసి ఆయన దాన్ని దేవుడి పటాల పక్కన గోడకు అంటించాడు. పత్రిక ఓడలో వచ్చేది. డిసెంబరు సంచిక మామిడికాయల కాలానికి చేరేది. పోస్ట్‌మాన్ సైకిల్ మీద మా వాలు ఎక్కలేక కింద నుంచే కేక వేసేవాడు. గోధుమరంగు కవరు చింపితే గుప్పుమని ఒక వాసన వచ్చేది, సిరా, నునుపు కాగితం కలిసిన వాసన. మా స్కూలు పుస్తకాలకు అట్టలు వేసుకునే సోవియట్ భూమి పత్రిక కాగితానికి కూడా ఒక వాసన ఉండేది, కానీ ఇది వేరు.

శతజయంతి ఏడాది, 1988 డిసెంబరు సంచిక అట్ట హోలోగ్రామ్. గాజు భూగోళం. కొంచెం ఇటు వంచితే నిండుగా ఉంటుంది, కొంచెం అటు వంచితే పగిలి ముక్కలు చెదిరిపోతూ ఉంటుంది. వీధిలో పిల్లలందరూ మా వరండాలో వరసగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు వంచి చూశారు. బంగళా పిల్లలూ వచ్చారు, బస్తీ పిల్లలూ వచ్చారు. వడ్డెర మేస్త్రి కొడుకు నా తోటివాడు. వాడు అట్టని ఎండలోకి తీసుకెళ్లి, పగులు ఎక్కడ మొదలవుతోందో వేలుపెట్టి చూపించాడు. "ఇక్కడ దెబ్బ పడింది" అన్నాడు. రాయి ఎక్కడ కొడితే ఎటు చీలుతుందో ఆ ఇంటి పిల్లలకు నడక వచ్చినప్పటినుంచే తెలుసు.

బహుమతి గడువు అయిపోయాక అసలు ప్రశ్న వచ్చింది. మళ్లీ కట్టాలా?

అమ్మ లెక్క సూటిగా ఉండేది. "ఆబిడ్స్‌లో పాతవి దొరుకుతున్నాయి కదండీ. ఏది కావాలో చూసి అది కొనుక్కోవచ్చు. కొత్తవాటికి అంత పొయ్యడం ఎందుకు?" అంది. న్యాయమైన మాట. షెడ్యూలు లేని నెలల్లో మా ఇంట్లో పాలవాడికి కూడా చెప్పుకోవాల్సి వచ్చేది. నాన్న వెంటనే జవాబివ్వలేదు. కొన్నాళ్ల తర్వాత, "ఆబిడ్స్‌లో నేను నాకు కావాల్సింది కొంటాను. ఎడారి కావాలంటే ఎడారి. పోస్టులో మనం అడగనిది వస్తుంది. దీనికి అదే కావాలి" అని నావైపు చూపించాడు. అంతే, నిర్ణయమైపోయింది. మావయ్య అక్కడ కట్టేవాడు, ఆ సొమ్ము నాన్న ఇక్కడ అమ్మమ్మకు వాయిదాల్లో ఇచ్చేవాడు.

చందా గురించి ఇంతకన్నా గట్టి మాట నేను ఇంకెక్కడా వినలేదు. మనం వెతుక్కుని చదివేది మనకు ముందే సగం తెలిసినది. పేరు తెలియని దాన్ని ఎలా వెతుకుతాం? నేను అడగకుండానే నా చేతికి సముద్రం అడుగున టైటానిక్ వచ్చింది, 1985లో రాబర్ట్ బల్లార్డ్ బృందం దాన్ని కనిపెట్టిన కథతో. అడగకుండానే టాంజానియా అడవిలో చింపాంజీలతో కూర్చున్న జేన్ గుడాల్ వచ్చింది. మట్టి గురించి, ఉప్పు గురించి, ఏ సినిమాకూ పనికిరాని వాటి గురించి పేజీలకు పేజీలు వచ్చాయి. సగం ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు. ఫోటో కింద ఉండే నాలుగు ముక్కలు మాత్రం డిక్షనరీ పెట్టుకుని చదివేదాన్ని. ఆ రోజుల్లో అమెరికాలోనే ఆ పత్రిక 1.2 కోట్ల ఇళ్లకు వెళ్లేదంటారు. అదే పుస్తకం మా వాలు మీద అద్దె పోర్షన్‌కి కూడా వచ్చిందంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

పత్రిక కన్నా నాకు ఎక్కువ ఇష్టం దానిలోంచి జారిపడే పటం. మడతలు విప్పితే మంచం నిండేది. భారతదేశం ఉన్న పటాల మీద కశ్మీరు దగ్గర ఊదారంగు రబ్బరు ముద్ర ఉండేది. సరిహద్దులు సరిగ్గా లేవు, ప్రామాణికం కావు అని మన ప్రభుత్వం వేయించిన ముద్ర. ఎవరో గుమస్తా దానికోసం ప్రతి ప్రతినీ తెరిచి, మడత విప్పి, ముద్ర వేసి, మళ్లీ మడిచి పెట్టి ఉంటాడని నాన్న అనేవాడు. కొన్నిటి మీద ముద్ర వంకరగా పడి సగం హిమాలయాలు సిరాలో మునిగేవి. పటం అంటే ప్రకృతి గీసినది కాదు, మనుషులు గీసినది, ఒప్పుకోనివాళ్లు కూడా ఉంటారు అని నాకు ఆ సిరా వల్లే తెలిసింది.

ఒకసారి ఆస్ట్రేలియా పటం వచ్చింది. జూబ్లీహిల్స్ వాళ్లకు ఆస్ట్రేలియాతో ఒక చుట్టరికం ఉంది. మా బస్సు దారిలో పొడుగాటి గోడ, గోడ వెనక అడవి, అడవి మధ్య చిరాన్ ప్యాలెస్ ఉండేవి. దాని యజమాని, చివరి నిజాం మనవడు ముకర్రం జా, డెబ్భైలలో ఇవన్నీ వదిలేసి పశ్చిమ ఆస్ట్రేలియా వెళ్లిపోయి, అక్కడ మర్చిసన్ హౌస్ అనే పెద్ద గొర్రెల క్షేత్రం కొనుక్కున్నాడు. నాన్న పటం మీద పెర్త్ నుంచి తీరం వెంబడి ఉత్తరానికి వేలు జరుపుతూ పోయి ఆగాడు. చుట్టూ ఏమీ లేదు, ఊళ్ల పేర్లు కూడా లేవు. అంత అడవి, అంత ప్యాలెస్ ఉన్న మనిషి ఆ ఖాళీలోకి ఎందుకు వెళ్లాడో ఊహించుకుంటూ ఆ రోజంతా గడిపాను. తర్వాత 1998లో ఆ గోడ వెనక అడవే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం అయింది. ఇప్పుడు పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లకు నెమళ్లు కనిపిస్తాయి.

నునుపు కాగితానికి ఒక శత్రువు ఉంది, తడి. ఆ కాగితం మీద మెరుపు కోసం సన్నటి మట్టిపూత ఉంటుంది. తడిస్తే ఆ పూత జిగురవుతుంది, ఆరితే పేజీలన్నీ ఒకే దిమ్మ. ఒక వర్షాకాలం మా రేకుల గది కారి, అలమారాలో కింది వరస మొత్తం అలా దిమ్మ కట్టింది. నాన్న ఒక్కో పేజీ మధ్య పల్చటి కత్తి దూర్చి విడదీయబోయాడు. బొమ్మలు ఒక పేజీ నుంచి ఊడి ఎదుటి పేజీకి అంటుకుపోయాయి. ఏనుగు తొండం ధ్రువప్రాంతం మంచులో, సముద్రపు ఒడ్డు ఎవరిదో మొహం మీద. నేను ఏడ్చాను. ఆయన వాటిని పారెయ్యకుండా వర్క్‌షాప్‌కి తీసుకెళ్లి, కుప్పలుగా పోసిన కాగితపు గుజ్జులో కలిపేశాడు. ఏదో సినిమాలో ఏదో కొండ లోపల ఆ సంచికలు ఉన్నాయి.

ఇంతకీ బయటి రాళ్లు. మా ఇంటికి వచ్చిన ఏ సంచికలోనూ మా గుట్టలు లేవు. అరిజోనా రాళ్లు ఉన్నాయి, కప్పడోకియా రాళ్లు ఉన్నాయి. నేను తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అది కొరుక్కుతినడం మొదలుపెట్టింది. మన రాళ్లలో చెప్పుకోదగ్గది ఏమీ లేదా? ఉందని చెప్పినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అని హైదరాబాద్‌లో ఒక సంఘం పెట్టారు. వాళ్ల వల్ల తెలిసింది ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలని. హిమాలయాలు దీని ముందు నిన్న మొన్నటివి. ఆ పేర్పు కూడా ఎవరూ పేర్చింది కాదు. భూమి లోపల ఉండగానే బండకు అడ్డంగా నిలువుగా చీలికలు పడ్డాయి. ఆ చీలికల్లోంచి నీళ్లు దిగి దిగి, దిమ్మల మూలలు మొదట నలిగాయి. మూలకు మూడు వైపుల నుంచీ తడి తగులుతుంది, అందుకే మూలలే ముందు పోతాయి. అలా గుండ్రబడిన తర్వాత చుట్టూ ఉన్న మెత్తటి మట్టి లక్షల ఏళ్ల వానలకు కొట్టుకుపోతే, గుండ్లు గుండ్లుగా ఉన్నచోటే బయటపడ్డాయి. ఎవరో ఒకదాని మీద ఒకటి ఎత్తిపెట్టారని కదా అనిపిస్తుంది. అసలు అవి విడిపోనే లేదు, మధ్యలోది మాత్రమే పోయింది.

ఇది నాన్నకు చెప్పినప్పటి ఆయన మొహం నాకు గుర్తుంది. అన్నేళ్లూ ఆయన రాళ్లను కిందినుంచి పైకి చేశాడు, ముందు పెద్దది, మీద చిన్నది. మరుసటి సెట్‌కి పద్ధతి మార్చాడు. ముందు ఒకే పెద్ద దిమ్మ కట్టించి, దానిలో చీలికలు కోయించి, మూలలు చెక్కించాడు. "ఇప్పుడు నిలబడింది" అన్నాడు. ఆర్ట్ డైరెక్టర్‌కి తేడా తెలిసిందో లేదో కానీ, కొట్టుడు పనికి వచ్చిన వడ్డెర మేస్త్రి మాత్రం దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వెళ్లాడు.

కాపాడాల్సిన శిలల జాబితా ఒకటి తయారైంది. అందులో ఫిలింనగర్ దగ్గరి 'మాన్‌స్టర్ రాక్' ఉంది. జూబ్లీహిల్స్‌లో అక్కినేని అమలగారు పెట్టిన బ్లూక్రాస్ పక్కన పుట్టగొడుగులాంటి బండ ఉంది. దుర్గం చెరువు చుట్టూ గుట్టలున్నాయి. జాబితాలో లేనివి చాలావరకు కంకరైపోయాయి. మేం జారుడుబల్ల ఆడిన చోటు ఇప్పుడు ఒక అపార్ట్‌మెంటు సెల్లార్. చార దగ్గర నిలబడి చూడటం నాన్న దగ్గరా, ఆ పత్రిక దగ్గరా నేర్చుకున్నాను కాబట్టి పోయిందేమిటో నాకు తెలుసు. తెలియకపోతే ఖాళీ స్థలం పోయింది, ఇల్లు వచ్చింది అనుకునేదాన్ని.

పత్రికను నెత్తిన పెట్టుకోవాలని నేను చెప్పడం లేదు. 2018 ఏప్రిల్ సంచికలో దాని అప్పటి సంపాదకురాలు సూసన్ గోల్డ్‌బర్గ్ స్వయంగా రాసింది, దశాబ్దాల పాటు తమ కథనాలు జాత్యహంకారంతో నిండి ఉన్నాయని. ఒక చరిత్రకారుడి చేత పాత సంచికలు చదివించి మరీ ఆ మాట చెప్పింది. అది చదివినప్పుడు నాకు పాత పేజీలు గుర్తుకొచ్చాయి. తలపాగాలవాళ్లు, బుట్టలు మోసేవాళ్లు, పేరులేని మొహాలు. మన దర్జీకి కూడా పేరు లేదు. కెమెరా వెనక మనిషి పేరు అందరికీ తెలుసు, నీళ్లలో మనిషి పేరు తెలియదు. పిల్లల చేతికి పత్రిక ఇచ్చేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పి ఇవ్వాలి. చెప్పి ఇస్తే నష్టమేమీ లేదు, పైగా చూపు పదునెక్కుతుంది.

ఇప్పుడా పత్రిక డిస్నీ చేతిలో ఉంది. 2023లో మిగిలిన సొంత రచయితలనూ తీసేశారు. అమెరికాలో దుకాణాల్లో అమ్మడం మానేశారు. అదే పేరుతో టీవీ చానల్ 1998లోనే మన ఇళ్లలోకి వచ్చింది. ఫోన్‌లో ఏ కొండనైనా చూడొచ్చు. అయినా ఎనిమిదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో కాగితం సంచిక రావాలనే అంటాను. తెర మీద ఏది ముందు రావాలో మన నిన్నటి చూపును బట్టి నిర్ణయమవుతుంది, దర్జీని ఇష్టపడ్డ పిల్లకు దర్జీలే వస్తారు. పోస్టులో వచ్చేదానికి ఆ పిల్ల ఎవరో తెలియదు. దాని మేలంతా అందులోనే ఉంది. ఇంకో సంగతి, పుస్తకం మంచం మీద తెరిచి పడి ఉంటుంది. అమ్మ వంగి చూస్తుంది, మేస్త్రి కొడుకు వేలుపెట్టి చూపిస్తాడు. స్తోమత లేకపోతే నాలుగిళ్లు కలిసి ఒక చందా కట్టుకోవచ్చు. మా వరండాలో జరిగింది అదే.

నా బాధ ఇంకొకటి. ఇలాంటిది తెలుగులో ఎందుకు లేదు? చూసేవాళ్లు, తిరిగేవాళ్లు లేక కాదు. జాగ్రఫిక్ పుట్టడానికి యాభై ఏళ్ల ముందే, 1838లో, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రా చరిత్ర అచ్చయింది. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి, హైదరాబాద్ మీదుగా కాశీ వెళ్లి వచ్చిన మనిషి. దారి ఎలా ఉంది, ఏ మజిలీలో ఏం దొరుకుతుంది, నేల ఏ రంగు, జనం ఎలా ఉన్నారు అని రోజూ రాసుకున్నాడు. మన కాలంలో మాచవరపు ఆదినారాయణగారు దేశమంతా కాలినడకన తిరిగి భ్రమణకాంక్ష రాశారు. చూపూ ఉంది, భాషా ఉంది. నెలనెలా ఇంటికి వచ్చేది మాత్రం లేదు.

లేనందువల్ల ఏం జరుగుతుందో బెలుం గుహలు చెబుతాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వాటి గురించి రాశాడు. తర్వాత వందేళ్ల పాటు ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83లలో డేనియల్ గెబౌర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి, లోపలికి దిగి, కొలతలు వేసి పటం గీశాడు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహ అది. జనం చూడటానికి తెరిచింది 2002లో. అప్పటి కర్నూలు జిల్లా పిల్లల కాళ్ల కింద అంత పెద్ద గుహ ఉంటే, నాన్న ప్లాస్టర్ గుహల కోసం అమెరికా గుహల ఫోటోలు వెతుక్కున్నాడు.

ఎవరైనా మొదలుపెడితే మొదటి సంచికలో దుర్గం చెరువు కథ వెయ్యమని అడుగుతాను. ఆ చెరువు నీళ్లు గోల్కొండకు వెళ్లేవి. కోటలో మట్టి గొట్టాలు, నీళ్లు పైకి తోడే చక్రాలు ఉండేవి. చెరువు కట్ట నుంచి కోట గోడ దాకా నేల వాలు ఎటు ఉందో, నీళ్లు ఏ దారిన వెళ్లి ఉంటాయో మడతలు విప్పి చూసే పటం గీయించాలి. ఆ దారిలో ఇప్పుడు ఏ కాలనీ, ఏ ఫ్లైఓవర్ ఉన్నాయో దాని మీదే గుర్తుపెట్టాలి. రాయి కొట్టడం తెలిసిన వడ్డెర పెద్దల చేత గుట్టల గురించి చెప్పించాలి, ఫోటో కింద వాళ్ల పేర్లు వెయ్యాలి. తర్వాతి సంచికల్లో నేలపట్టు కొంగలు, కొల్లేరు, నల్లమల చెంచుల తేనె దారులు. అచ్చుకు మంచి కాగితం కావాలి, ఫోటోగ్రాఫర్లు వారాల తరబడి ఒకేచోట కాచుకోవడానికి డబ్బు కావాలి. అది చందాల వల్లే వస్తుంది. పదేళ్ల చందా ఒకేసారి కట్టమన్నా నేను కడతాను, మా వీధిలో వాళ్ల చేతా కట్టిస్తాను.